ఊపిరి చివర మూలుగు

గురవమ్మ నోరు మంచిది కాదని ఊరంతా చెప్పుకుంటుంది. ఆమె హస్తవాసి మంచిదని కూడా ఆ ఊరే చెప్పుకుంటుంది. పలమనేరుకు ఆరు మైళ్ళ దూరంలో ఉన్న ఆ పల్లెలో ముప్ఫై ఏళ్ళుగా ఎవరింట బిడ్డ పుట్టినా లాల పోయడానికి గురవమ్మ రావలసిందే. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, మాడుకు ఆముదం అద్ది, నలుగు పెట్టి, వేన్నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, పాతచీర గుడ్డలో చుట్టి ఇచ్చిందంటే ఆ బిడ్డ మూడు గంటలు కదలకుండా నిద్రపోయేది. మధ్యలో బాలింత ఏమైనా గొణిగితే నోరు మూయించేది. బాలింత అత్త గొణిగినా అంతే.

అట్లాంటి గురవమ్మకు తిరుపతి ఆసుపత్రిలో ఒక నర్సు చేతులు కడుక్కోవడం నేర్పించింది.

"మోచేతుల దాకా అవ్వా. గాజులు తీసెయ్. గోళ్ళ సందుల్లో రుద్దు. ఇంకోసారి రుద్దు."

"రెండు వందల మంది బిడ్డలకు లాల పోసిన సేతులు సిస్టరమ్మా ఇవి."

"అందుకే ఇంకా బాగా కడగాల," అంది నర్సు స్టెల్లా, నవ్వకుండా. ఆమెది నగరి. మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగింది కాబట్టి ఏం చెప్పినా ఒక మెట్టు గట్టిగానే చెబుతుంది.

ఇంకో రోజైతే గురవమ్మ ఒక మాటకు నాలుగు మాటలు అప్పగించేది. ఆ రోజు నోరు పెగల్లేదు. కూతురు స్రవంతికి ఏడో నెల నిండీ నిండకముందే బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. పలమనేరు నుంచి అంబులెన్సులో తిరుపతికి తెచ్చారు. తెల్లారేసరికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగబిడ్డ, కేజీ మూడు వందల గ్రాములు. స్రవంతి ఒక వార్డులో తెలివి వచ్చీ రాకుండా పడి ఉంది. బిడ్డ పై అంతస్తులో ఇంకో వార్డులో ఉన్నాడు. అల్లుడు సుకుమార్ పాలవ్యాను నడిపే మనిషి, రోజూ వంద ఊళ్ళు తిరిగేవాడు, ఇప్పుడు ఆ రెండు వార్డుల మధ్య మెట్ల మీద నుంచి కదలడం లేదు. బిడ్డల వార్డులోకి తల్లి రాలేని స్థితిలో ఉంటే ఇంటి ఆడమనిషి ఒకరిని రానిస్తారు. అట్లా గురవమ్మ లోపలికి వచ్చింది.

బిడ్డను చూడగానే ఆమె రెండడుగుల ఇవతలే ఆగిపోయింది. చిన్న బిడ్డలను చూడడం ఆమెకు కొత్త కాదు, బిడ్డను చూసి భయపడడం కొత్త. చాతీ ఆమె అరచేతి వెడల్పు కూడా లేదు. చర్మం కింద నరాలు కనబడుతున్నాయి. పాదానికి కట్టిన వైరు చివర ఎర్రదీపం వెలుగుతోంది, తలవైపు ఒక పెట్టెలో అంకెలు మారుతున్నాయి. పైన వేడి దీపం.

"ముట్టుకోవద్దు. చూస్తా కూర్చో," అంది స్టెల్లా. "పుట్టినప్పుడు బాగనే ఏడ్చినాడు. ఈ మొదటి గంటలే చూసుకోవాల. నేను ఆ ఎదురు మంచం బిడ్డ దగ్గరే ఉంటా. ఏ కొంచెం తేడా అనిపించినా పిలువు."

గోడ గడియారంలో పదికి ఇరవై నిమిషాలు తక్కువ. గురవమ్మ స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మనుమడి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. కొంతసేపటికి బిడ్డ గొంతులోంచి సన్నగా చప్పుడు వచ్చింది. ఊఁ... ఊఁ... ఊఁ... ఆ చప్పుడు చెవిన పడగానే గురవమ్మ ప్రాణం లేచి వచ్చింది. ఈ చప్పుడు ఆమెకు తెలుసు. బిడ్డలు ఒళ్ళు విరుచుకుంటూ మూలుగుతారు, మూలిగేకొద్దీ ఎముక సాగుతుంది, కండ పడుతుంది. ఈ మాట ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది. ఆమె ఊళ్ళో ఎంతమంది బాలింతలకు చెప్పిందో లెక్కలేదు. పొద్దున్నుంచి తెలియని వైర్లు, తెలియని అంకెల మధ్య ఒక్కటి తెలిసిన సంగతి దొరికినట్టయింది.

"మూలుగు నాయనా, మూలుగు," అంది మెల్లగా. "మూలిగితేనే పెరుగుతావు."

ఎదురు మంచం దగ్గర నుంచి స్టెల్లా తల తిప్పకుండానే అడిగింది: "ఎట్లుండాడు అవ్వా?"

"బాగుండాడు సిస్టరమ్మా. సక్కగా మూలుగుతా ఉండాడు."

స్టెల్లా చేతిలోని పని ఆగిపోయింది. ఈసారి తల తిప్పింది.

"ఎంతసేపటి నుంచి?"

గురవమ్మ గడియారం వైపు చూసింది. "పావుగంట పైనే," అంది, కొంచెం గర్వంగా కూడా.

తరువాత జరిగింది ఆమెకు వరసగా గుర్తు లేదు. స్టెల్లా పరుగెత్తుకు వచ్చింది, బిడ్డ మీది గుడ్డ తీసింది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది, ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. ఇంతసేపూ ముఖమే చూస్తూ కూర్చున్న గురవమ్మకు ఆ డొక్కలు కనబడనే లేదు. పెట్టెలో అంకె అప్పుడే తగ్గడం మొదలైంది. "ప్రసన్నకుమారి మేడమ్‌ని పిలవండి," అని స్టెల్లా కేక వేసింది. పిల్లల డాక్టరు వచ్చింది, ఇంకెవరో వచ్చారు, గురవమ్మను భుజం పట్టి బయటికి పంపారు. తలుపు మూసుకుంది.

మెట్ల మీద సుకుమార్ లేచి నిలబడ్డాడు. "ఏమైంది అత్తా?"

"ఏమో నాయనా. మూలుగుతా ఉండాడని సెప్పినాను. అంతే."

ఇద్దరూ మెట్ల మీదే కూర్చున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఎవరెవరో వచ్చారు, పోయారు, వీళ్ళను మాత్రం ఎవరూ పలకరించలేదు.

మధ్యాహ్నం స్టెల్లా బయటికి వచ్చింది. మాస్కు గడ్డం కిందికి లాక్కుని వాళ్ళ పక్కనే మెట్టు మీద కూర్చుంది. బిడ్డ ఉన్నాడని మొదట చెప్పింది. ఆ మాట విన్నాకే గురవమ్మకు చెవులు పనిచేశాయి.

"ఊపిరితిత్తుల్లోకి సన్న పైపుతో మందు వేసినారు. ముక్కుకు గాలి గొట్టం పెట్టినారు. ఈ మూడు దినాలు గడవాల."

"ఏమయ్యిందని సిస్టరమ్మా? బాగనే ఉండె గదా?"

స్టెల్లా అటూ ఇటూ చూసింది. సుకుమార్ పక్కన ఖాళీ పాల కవరు ఒకటి పడి ఉంది. దాన్ని తీసి గురవమ్మ చేతికి ఇచ్చింది.

"లోపల తడి ఉండాది కదా. రెండు పక్కలా గట్టిగా నొక్కు. ఇప్పుడు విప్పు."

గురవమ్మ నొక్కింది. విప్పబోతే రెండు పొరలూ అతుక్కుపోయి రాలేదు. గోరు పెట్టి లాగింది, కొంచెం వచ్చి మళ్ళీ అతుక్కుంది.

"లోపల సబ్బునీళ్ళు వేసుంటే ఇట్లా అతుక్కోదు, జారి విడిపోతాది. నెలలు నిండిన బిడ్డకు ఊపిరితిత్తుల్లో అట్లాంటి సబ్బు లాంటి పదార్థం ఒకటి తయారై ఉంటాది. ఏడో నెల బిడ్డకు అది చాలదు. ఊపిరి వదిలినప్పుడల్లా లోపలి గాలి సంచులు అతుక్కుంటాయి. మళ్ళీ విప్పాలంటే బిడ్డ తన బలమంతా పెట్టాల. అందుకని వాడేం చేస్తాడు, ఊపిరి పూర్తిగా పోనీకుండా గొంతు బిగించి ఆపుకుంటాడు. ఆ బిగింపులోంచి వచ్చేదే నువ్వు విన్న మూలుగు."

గురవమ్మ చేతిలో పాల కవరు ఉంది. దాన్ని కింద పెట్టాలని కూడా ఆమెకు తోచలేదు.

"అయితే పెరిగేది కాదా?"

"ఒళ్ళు విరుచుకుని, ముఖం ఎర్రగా చేసి, ఒకసారి మూలిగి ఊరుకుంటే దాంతో భయం లేదు. అది అందరు బిడ్డలూ చేస్తారు. ప్రతి ఊపిరి చివరా మూలిగితే మాత్రం వానికి ఊపిరి ఆడడం లేదని. సాయం కోసం పిలుస్తా ఉండాడని." స్టెల్లా లేచింది. "నువ్వు ఆ మాట అనబట్టి తిరిగి చూసినాను అవ్వా. పెట్టెలో అంకె పడిపోయినాక మిషను అరుస్తాది. మూలుగు దానికన్నా ముందే చెప్తాది."

ఆమె మంచిమాట అనుకుని అన్నది. గురవమ్మకు అందులో ఒక్క ముక్కే మిగిలింది. సాయం కోసం పిలుస్తా ఉండాడని.

పదకొండేళ్ళ కిందట కోమలి బిడ్డ కూడా పిలిచింది.

కోమలి వాళ్ళది ఊళ్ళో కింది వీధి, ఆవులు పెట్టుకుని బతికే ఇల్లు. ఆమె తొలిచూలు బిడ్డ ఎనిమిదో నెలలో ఇంట్లోనే పుట్టేసింది. ఆడపిల్ల. ఏడ్చింది, కాళ్ళూ చేతులూ ఆడించింది. కబురు వస్తే గురవమ్మ వెళ్ళి లాల పోసింది. పోస్తుండగానే బిడ్డ మూలగడం మొదలుపెట్టింది. కోమలి మొగుడికి ఎందుకో మనసు ఒప్పక, చిత్తూరు తీసుకుపోదామని ఆటో పిలిపించాడు. ఆటో వచ్చి వాకిట్లో నిలబడింది. ఇంట్లో అందరూ గురవమ్మ వైపు చూశారు. గురవమ్మ బిడ్డకు సాంబ్రాణి పొగ పడుతూ, తల కూడా ఎత్తకుండా అన్నది: "మూలిగే బిడ్డను ఆస్పత్రికి యాడికబ్బా తీసకపోతారు? పెరుగుతా ఉండాది. ఆటోను పంపించెయ్."

ఆటో వెళ్ళిపోయింది. సాయంత్రానికి మూలుగు సన్నగిల్లింది, తరువాత ఆగిపోయింది. బిడ్డ హాయిగా నిద్రపోతోందని అందరూ సంతోషపడ్డారు. పాలు పట్టడానికి లేపబోయినప్పుడు తెలిసింది.

ఆ చావుకు కారణం కావాలి కదా. కోమలి అత్త తిరుమలమ్మ కారణం కనిపెట్టింది. ఐదో నెలలో గ్రహణం రోజున కోమలి ఆవుకు గడ్డి కోయడానికి కొడవలి పట్టింది, అందుకే బిడ్డ దక్కలేదు అంది. ఊరు ఔనంది. గురవమ్మ కూడా ఔనంది, తన నోటితోనే. తరువాత కోమలికి ఇంకో ఆడపిల్ల పుట్టింది, బడికి పోతోంది. అయినా కోమలి ఇప్పటికీ కొడవలి ముట్టదు. ఆ ఇంట్లో గడ్డి మొగుడే కోయాలి.

తిరుపతి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని గురవమ్మ ఆ రోజంతా మళ్ళీ చూసింది. నీళ్ళు పోసింది తనే, పొగ పట్టింది తనే, ఆటో పంపించింది తనే. తరువాత ఈ ముప్ఫై ఏళ్ళలో ఎంతమంది బిడ్డలు అట్లా మూలిగారో, ఎవరెవరు ఆసుపత్రికి పోయారో, ఎవరు పోలేదో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఒంటికి చెమట పట్టింది. "నీళ్ళు తాగు అత్తా," అన్నాడు సుకుమార్. ఆమె తాగింది. అల్లుడికి ఏం చెబుతుంది? కూతురికి ఏం చెబుతుంది? తను పావుగంట కూర్చుని మనుమడి చావుకేకను జోలపాటలా విన్నదని చెబుతుందా?

మూడు రోజులు గడవాలంది స్టెల్లా. ఆ మూడు రోజులూ ఎట్లా గడిచాయో గురవమ్మకే తెలియాలి. రోజుకు రెండుసార్లు లోపలికి రానిచ్చేవారు. చెప్పకుండానే మోచేతుల దాకా రుద్ది రుద్ది కడిగేది, చర్మం మండేదాకా. లోపలికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, బిడ్డ డొక్కల వైపే చూసేది. పీల్చినప్పుడు గుంట పడుతోందా? నిన్నటికన్నా తక్కువా ఎక్కువా? చెవి మంచానికి ఆనించి వినేది. గాలి గొట్టంలో బుడగల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడకపోతే బతికిపోయాననుకునేది. మరుక్షణమే, మూలుగు ఆగిపోయిందంటే మంచికా చెడుకా అని కొత్త భయం పట్టుకునేది. కోమలి బిడ్డకు కూడా ఆగిపోయింది కదా. స్టెల్లాను పిలిచేది. స్టెల్లా వచ్చి చూసి, "మంచికే అవ్వా," అనేది. పది నిమిషాలకు మళ్ళీ పిలిచేది.

నాలుగో రోజు డాక్టరు ప్రసన్నకుమారి గాలి ఒత్తిడి తగ్గించింది. కింది వార్డులో స్రవంతి కళ్ళు తెరిచి బిడ్డ ఏడని అడిగింది. ఆమెకు బీపీ ఇంకా దిగలేదు, మంచం దిగనివ్వడం లేదు. ఆ రోజే స్టెల్లా గురవమ్మను పక్కకు పిలిచింది.

"బిడ్డను ఎదకు కట్టుకోవాల అవ్వా. చర్మానికి చర్మం తగిలేట్టు. వెచ్చగా ఉంటాది, ఊపిరి నిలకడగా తీస్తాడు. తల్లి లేచేదాకా నువ్వే."

"నేనా?" గురవమ్మ వెనక్కి జరిగింది. "నా సేతులొద్దు సిస్టరమ్మా. ఇంకెవురికైనా ఇయ్యి."

"ఇంకెవరుండారు?"

"ఎవురైనా. నా సేతులు మంచివి కాదు."

గురవమ్మ అక్కడే, చేతులు కడుక్కునే తొట్టి పక్కన నిలబడి, కోమలి బిడ్డ సంగతి మొత్తం చెప్పేసింది. పదకొండేళ్ళలో ఒక్కరికీ చెప్పని మాట. చెప్పడానికి మూడు రోజుల కిందటి దాకా ఆమెకే తెలియని మాట.

స్టెల్లా ఓదార్చలేదు. కొళాయి తిప్పింది.

"అప్పుడు నీకు తెలీదు. ఇప్పుడు తెలుసు. మీ ఊళ్ళో రేపు ఏ బిడ్డ మూలిగినా ముందు వినేది నీ చెవే. చేతులు కడుగు."

కడిగింది. కుర్చీలో వెనక్కి వాలి కూర్చోబెట్టి, రవిక గుండీలు విప్పించి, మనుమడిని ఆమె ఎద మీద బోర్లా పడుకోబెట్టి, చుట్టూ గుడ్డతో కట్టారు. ముక్కు గొట్టం అట్లాగే ఉంది. బిడ్డ బరువు ఆమెకు తెలియనే లేదు. ఊపిరి మాత్రం తెలిసింది. గొంతు కింది ఎముక మీద చిన్న గాలి, తగిలీ తగలనట్టు.

"ఇంకొకటి గుర్తు పెట్టుకో," అంది స్టెల్లా. "నెలలు నిండని బిడ్డలు ఒక్కోసారి ఊపిరి తీయడం మరిచిపోతారు. మెదడు ఇంకా నేర్చుకుంటా ఉంటాది. అయిదు, పది లెక్కపెట్టేలోపు వాళ్ళే తీస్తే పర్వాలేదు. తీయకపోతే పాదం మీద వేలితో తట్టు, వీపు పైకి రుద్దు, నన్ను పిలువు."

ఊపిరి మరిచిపోతారా! ఆకలి మరిచిపోయిన బిడ్డలను చూసింది, ఏడుపు మరిచిపోయిన బిడ్డలను చూసింది. ఇది వినలేదు. ఆ మాట విన్న దగ్గర నుంచి గురవమ్మ తన ఊపిరి కూడా చూసుకుని తీయడం మొదలుపెట్టింది.

మొదటి రెండు రోజులూ ఏమీ కాలేదు. మూడో రోజు మధ్యాహ్నం, మూడు గంటల వేళ, ఎండ కిటికీ తెర మీద పడుతోంది. స్టెల్లా నాలుగడుగుల దూరంలో బల్ల దగ్గర ఏదో రాస్తోంది. గురవమ్మ ఎముక మీద గాలి తగలడం ఆగింది.

లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. తీస్తాడులే. ఆరు, ఏడు. పెట్టె అరవడం లేదు, అంకె ఇంకా బాగానే ఉంది. తొమ్మిది, పది. తల వంచి చూసింది. బిడ్డ ముఖం ప్రశాంతంగా ఉంది, హాయిగా నిద్రపోతున్నట్టు. సరిగ్గా అట్లాగే ఉంది కోమలి బిడ్డ ముఖం. పెదవుల చుట్టూ రంగు మారుతోంది. పిలవాలని నోరు తెరిచింది. ఊళ్ళో మూడు వీధులకు వినబడే నోరు, చప్పుడు రాలేదు. చేయి లేపాలనుకుంది. చేయి కుర్చీ పిడిని పట్టుకుని వదలడం లేదు. ముట్టుకుంటే పోతాడు, నీ చేయి తగిలితే పోతాడు అని లోపల ఎవరో అంటున్నారు. పదిహేను. పదహారు.

చేయి లేచింది. ఎట్లా లేచిందో తెలియదు. గుడ్డలోకి వేలు దూర్చి చిక్కుడుకాయంత పాదం మీద తట్టింది. కదల్లేదు. మళ్ళీ తట్టింది. ఇంకో చేత్తో వీపు మీద, నడుము నుంచి మెడ దాకా రుద్దింది. లాల పోసేటప్పుడు రెండు వందల వీపులు రుద్దిన చేయే అది. "తియ్యి నాయనా," అంది, గొంతు ఇప్పుడొచ్చింది, "ఊపిరి తియ్యిరా, తియ్యిరా!" పెట్టె అరవడం మొదలుపెట్టింది. స్టెల్లా కుర్చీ తోసుకుని లేచింది. ఆమె వచ్చేలోపే బిడ్డ ఉలిక్కిపడి, వేళ్ళు చాచి, గుటక వేసినట్టు ఒక ఊపిరి తీశాడు. ఇంకొకటి తీశాడు. తరువాత సన్నగా ఏడ్చాడు.

స్టెల్లా గొట్టం సర్ది, రంగు చూసి, అంకె చూసి, "బాగా చేసినావు," అంది. గురవమ్మకు పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడుకు బిడ్డ భయపడతాడేమోనని దవడ పట్టుకుని కూర్చుంది.

ముప్ఫై ఎనిమిదో రోజున బిడ్డను ఇంటికి పంపారు. అప్పటికి స్రవంతి లేచి తిరుగుతోంది, బిడ్డను తనే ఎదకు కట్టుకుంటోంది, పాలు పడుతోంది. ఇంకొన్నాళ్ళు నీళ్ళు పోయకూడదు, తడిగుడ్డతో తుడవాలి. పొగ అసలు పనికిరాదు, సాంబ్రాణి గానీ అగరబత్తి గానీ. వచ్చేవాళ్ళంతా చేతులు కడుక్కోవాలి. ఊళ్ళో వాళ్ళు చూడవచ్చినప్పుడు గురవమ్మ వాకిట్లో చెంబూ సబ్బూ పెట్టుకుని కూర్చుంది. ఒకామె మామూలుగా సాంబ్రాణి తెస్తే గడప అవతలే ఆపి తరిమింది. ఊళ్ళో అందరికీ పొగ పట్టింది నువ్వే కదమ్మా అని వాళ్ళు నవ్వుకున్నారు. "మోచేతుల దాకా!" అని ఆమె అరుస్తుంటే ఇంకా నవ్వారు.

ఇంటికి వచ్చిన నాలుగో రోజు పొద్దున కోమలి వచ్చింది. స్రవంతికని చెంబుతో పాలు తెచ్చింది. చెప్పకముందే చేతులు కడుక్కుంది, గాజులు పైకి తోసుకుని మరీ కడుక్కుంది. మంచం అంచున కూర్చుని బిడ్డను చూసింది. బిడ్డ అప్పుడే మేలుకుంటూ, పిడికిళ్ళు బిగించి, ముఖం ఎర్రగా చేసుకుని, ఒళ్ళంతా విరుచుకుంటూ ఊఁ అని మూలిగాడు.

గురవమ్మ చూపు గబుక్కున డొక్కల మీదికి పోయింది. గుంట లేదు. ఊపిరి సాఫీగా ఉంది. ఇది భయం లేని మూలుగే.

"మూలుగుతా ఉండాడు," అంది కోమలి, నవ్వుతూ. "పెరుగుతాడు కదత్తా?"

ఔనంటే చాలు. అబద్ధం కూడా కాదు. గురవమ్మ కూతురి వైపు చూసింది. స్రవంతికి ఆసుపత్రిలోనే అన్నీ చెప్పింది. స్రవంతి కళ్ళతోనే వద్దంది. ఈ మాట బయటపెడితే ఊళ్ళో తన బతుకు ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆ రోజు ఆటో పిలిపించిన కోమలి మొగుడు ఈ మాటకు కత్తి పట్టుకుని వచ్చినా ఆశ్చర్యం లేదు.

"ఈ బిడ్డ పెరుగుతాడు కోమలీ," అంది. "నీ బిడ్డ మూలిగింది ఇట్లా కాదు."

కోమలి నవ్వు అట్లాగే ఉండిపోయింది.

"నీ బిడ్డకు ఊపిరి ఆడలేదు. ప్రతి ఊపిరికీ మూలిగింది. నన్ను ఆస్పత్రికి తీసకపొండి అని పిలిసింది. నేను పెరుగుతా ఉండాదని సెప్పి ఆటోను ఎనక్కి పంపించినాను. గ్రహణమూ కాదు, కొడవలీ కాదు. నీ తప్పు ఆవగింజంత లేదు. తీసకపోయింటే బతికేదో లేదో నాకు తెలీదు. తీసకపోనీలేదు, అది నాకు తెలుసు."

వాకిట్లో చెంబు మీద కాకి వాలి లేచింది. కోమలి తన రెండు చేతులనూ ఒళ్ళో తిప్పి చూసుకుంది, కొడవలి పట్టని చేతులను. అప్పుడు అడిగింది:

"ఎట్లుండె ఆ మూలుగు? నాకు గెవనం లేదత్తా. పదకొండేండ్లుగా తెచ్చుకోవాలని సూస్తా ఉండా, రాదు. మొగం వస్తాది, సప్పుడు రాదు. నువ్వు సెయ్యి."

"వద్దు కోమలీ."

"సెయ్యి."

గురవమ్మ గొంతు బిగించింది. ఊపిరి పూర్తిగా పోనీకుండా ఆపి, ఆ చివర, సన్నగా మూలిగింది. ఊఁ. మళ్ళీ పీల్చి, మళ్ళీ మూలిగింది. ఊఁ. పెద్ద మనిషి ఊపిరితో చేస్తుంటేనే చాతీ నొప్పి పుట్టింది. ఆ చిన్న ప్రాణి పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసింది.

కోమలి కళ్ళు మూసుకుని విన్నది. "ఔ," అంది. "ఇదే." చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "ఇంకోసారి."

గురవమ్మ ఇంకోసారి చేసింది.

కోమలి లేచింది. కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది. పాల చెంబు అక్కడే వదిలేసి గడప దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే అన్నది:

"నిన్ను తిట్టాల అత్తా. శానా తిట్టాల. దానికి టైముండాది. మా సెల్లెలు కాన్పుకొచ్చి మా ఇంట్లోనే ఉండాది, ఎనిమిదో నెల. లేసి రా. దానికి గూడా ఇట్లే సేసి ఇనిపిచ్చు."

గురవమ్మ లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా వెంట నడిచింది. కోమలి ఆమె కోసం ఆగలేదు. మరీ ముందుకూ పోలేదు.